గణనయంత్రమునకు వేఱొక దివాను

గత వేసవి సెలవులకు ముందు మన పాఠశాల కంప్యూటరు గదిలోని యెనిమిది యంత్రములను పాత సామాను క్రింద తూకమునకు అమ్మివేయవలయునను మాట పుట్టినది. ఆ మాట యన్నవారిని తప్పుపట్టుటకు వీలులేదు. యంత్రములు పండ్రెండేండ్ల నాఁటివి. ఒక్కొక్కదాని జ్ఞాపకశక్తి రెండు గిగాబైట్లు మాత్రమే. వానిలో నుండిన విండోస్ 7 అను వ్యవస్థకు 2020 జనవరి 14 వ తేదీతో మరమ్మతులు వచ్చుట ఆగిపోయినది. విండోస్ 11 నకుఁ గనీసము నాలుగు గిగాబైట్లు కావలయును గనుక అది వీనిపై నిలువదు. క్రొత్తవి కొనుటకగు వ్యయము మన గ్రంథాలయమునకు నాలుగేండ్లలో నగు వ్యయమును మించును. ఉన్నవానిని అమ్మివేసినచో తొమ్మిదవ తరగతి పిల్లలకు కంప్యూటరనునది నల్లబల్లమీఁది బొమ్మయే యగును.

అప్పుడు మేము, అనఁగా ఆ గదిని చూచుకొను ఉపాధ్యాయుల మిద్దఱమును, తొమ్మిదవ తరగతి విద్యార్థులు పదునొకండుగురును, క్రిస్మసు వఱకు గడువు కోరితిమి. యంత్రములు చెడలేదు, వానిని నడపు దివాను మాత్రము వృద్ధుఁడై విరమించినాఁడు. వేఱొక దివానును నియమించి, పాఠశాల నిత్యకార్యములు నడచునో లేదో చూతుమని మా మనవి. ప్రధానోపాధ్యాయులవారు నవ్వి, సరే యనిరి. ఆ ప్రయత్నములో మేము తెలిసికొన్నది పిల్లలకును, వారి తల్లిదండ్రులకును గూడఁ బనికివచ్చునని తలఁచి యిచట వ్రాయుచున్నాము.

దివాను అన్న మాట మేము వేడుకకు వాడలేదు. విజయనగర సంస్థానపు ముచ్చటలు పెద్దలవలన విన్నవారికి ఈ సంగతి తేలికగా బోధపడును. సంస్థానములో ధాన్యపుఁ గొట్లుండును, దస్త్రముల గది యుండును, ఠాణాలుండును, వచ్చిపోవు అర్జీదారులుందురు. రాజుగారు ప్రతి కొట్టుకడకును తామే పోయి తాళము తీయరు. దివానుతోఁ జెప్పుదురు. ఎవరికి ఎంత యీయవలయునో, ఎవరు ముందో ఎవరు వెనుకో నిర్ణయించి దివాను నడపించును. కంప్యూటరులో రాజులము మనము. జ్ఞాపకశక్తియు, డిస్కును, తెరయు, కీబోర్డును, ప్రింటరును సంస్థానము. ఉత్తరములు వ్రాయు ప్రోగ్రాము, లెక్కలు కట్టు ప్రోగ్రాము, ఇంటర్నెట్టును చూపు బ్రౌజరు – ఇవి యర్జీదారులు. ఆపరేటింగు సిస్టమని లోకము పిలుచునది నడుమ నున్న యీ దివానునే. మనము కీ నొక్కిన క్షణమునకును అక్షరము తెరమీఁద నిలిచిన క్షణమునకును నడుమ నతఁడు చేయు పని మనకుఁ గానరాదు. మంచి దివాను లక్షణమే యది.

యంత్రమును కొన్ననాఁడే దివాను లోపల కూర్చుండి యుండును. కావుననే యతనిని మార్చవచ్చునను తలంపు చాలమందికి రాదు.

లోకములో నిట్టి దివానులు పలువురు కలరు. 1983 లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అను నతఁడు, ఎవరైనను చదివి, మార్చి, పదిమందికిఁ బంచుకొనఁదగిన వ్యవస్థ నొకదానిని గ్నూ అను పేర నిర్మింపఁబూనెను. 1991 లో ఫిన్లాండు దేశమున హెల్సింకీ విశ్వవిద్యాలయములోఁ జదువుచుండిన లినస్ టోర్వాల్డ్స్ అను ఇరువదియొక్క యేండ్ల యువకుఁడు తన యింటి యంత్రముకొఱకు చిన్న కెర్నెలును, అనఁగా వ్యవస్థకుఁ గీలకమైన భాగమును, వ్రాసికొని, ఇది వేడుకపనియే కాని పెద్దది కాఁబోదని తోడివారికిఁ దెలిపెను. ఆ వేడుకపనియే లినక్సు. 2017 నవంబరు జాబితా మొదలు లోకములో మిక్కిలి వేగముగల అయిదువందల కంప్యూటర్లును దానిమీఁదనే నడచుచున్నవి. ఆండ్రాయిడు ఫోనులలోని కెర్నెలును అదియే. లినక్సు పేరే వినలేదను తల్లిదండ్రులు చాలమంది దానిని చొక్కాజేబులో నిడుకొని తిరుగుచున్నారు.

నేఁడు లినక్సును ప్రయోగమనుట సరికాదు. అది గట్టిపడిన వ్యవస్థ. ఇంకను ప్రయోగదశలో నున్నవి వేఱు కలవు. వానిలో హైకూ యొకటి. 1990ల దశకమున బీ అను సంస్థ చేసిన బీఓఎస్ అను చురుకైన వ్యవస్థ వ్యాపారమున నిలువక, 2001 లో ఆ సంస్థ యాస్తి పామ్ అను మఱియొక సంస్థ చేతిలోఁ బడినది. దాని నభిమానించినవారు ఆ యేఁటనే దానిని మొదటినుండి తిరుగ వ్రాయ నారంభించిరి. తొలి ఆల్ఫా ప్రతి 2009 లోను, తొలి బీటా ప్రతి 2018 లోను, అయిదవ బీటా 2024 లోను వెలువడినవి. ఆల్ఫా యనఁగా గోడలు లేచినను కప్పు కుఱియు నిల్లు. బీటా యనఁగా గృహప్రవేశమైనను తలుపులకు గడియలు బిగింపవలసిన యిల్లు. రియాక్ట్ఓఎస్ అనునది విండోసు ప్రోగ్రాములను విండోసు లేకయే నడపవలయునను పట్టుతో 1990ల చివరినుండి సాగుచున్న మఱియొక ప్రయత్నము. 2018 లో ఆండ్రియాస్ క్లింగ్ అను స్వీడను దేశీయుఁడు వ్యసనమునకుఁ జికిత్స పొంది బయటికి వచ్చి, దినమంతయు నేమి చేయుటయో తోఁచక, తన చేతులకొక పనిగా సెరెనిటీ ఓఎస్ అను వ్యవస్థను ఒక్కఁడే మొదలుపెట్టెను. మనశ్శాంతి నర్థించు ఒక ప్రసిద్ధ ప్రార్థననుండి దానికా పేరు పెట్టినాఁడు. మన పత్రిక చదువువారికి ఈ సంగతి రుచించునని చెప్పితిమి. దానిని మేము వాడలేదు.

మేము చేసినది యిది. ఎనిమిది యంత్రములలో ఆఱింటిపై తెలుఁగు పలుకులు గల లినక్సు నుంచితిమి. ఏడవదానిపై నింకను ప్రయోగదశలో నున్న వ్యవస్థ నొకదాని నుంచితిమి. ఎనిమిదవదానిని పాత దివానుతోనే, ఇంటర్నెట్టు తీఁగ నూడఁదీసి, విడిచితిమి. ఏడవ యంత్రపు వ్యవస్థ పేరు చెప్పము. దానితో మాకు వచ్చిన చిక్కులు దానివో, మా యనుభవము చాలమివో తేల్చుకొనలేకపోతిమి. అది నిద్రనుండి మేల్కొనుటకు అరనిమిషము చాలును. పాత దివాను మేల్కొనులోపల పిల్లలు హాజరు పలికి ముగించువారు!

ఐనను ఏడవ యంత్రముపై మొదటి దినముననే యొక విచిత్రము కనఁబడినది. పిల్లలు తమ తమ ఊళ్ల పేళ్లను తెలుఁగున వ్రాసిరి. విజయనగరం అని వ్రాసిన పిల్లవానికి మాట చక్కఁగా వచ్చినది. శ్రీకాకుళం అని వ్రాసిన పిల్లకు మాట విఱిగిపోయినది. శకారము పొల్లుతో నొకచోట నిలిచినది, రకారము దాని ప్రక్కకుఁ బోయినది, గుడిదీర్ఘము వేఱుగ గాలిలో వ్రేలాడినది. "మా ఊరేటి తప్పు చేసింది మేష్టారూ?" అని యా పిల్ల యడిగెను.

తప్పు ఊరిది కాదు. కంప్యూటరు అక్షరముల నెఱుఁగదు, అంకెలనే యెఱుఁగును. లోకములోని లిపులకన్నిటికిని అంకెలు కేటాయించు యూనికోడు అను కట్టడి 1991 లో వెలువడినప్పుడే తెలుఁగునకు అందులో 128 స్థానముల చోటు దొరకినది. ఆ చోటులో శ కలదు, ర కలదు, గుడిదీర్ఘము కలదు, పొల్లు కలదు. శ్రీ మాత్రము లేదు. శ, పొల్లు, ర, గుడిదీర్ఘము అను నాలుగు గుర్తుల వరుసయే శ్రీ. పూర్వము అచ్చాఫీసులో కంపోజిటరు గళ్లలోనుండి అచ్చులను ఒత్తులను ఏరి కూర్చినట్లే, ఈ వరుసను చూచి తగిన రూపమును గట్టుటకు కంప్యూటరులోఁ గూడ నొక కూర్పరి యుండవలయును. లినక్సులో నీ పనిని హార్ఫ్‌బజ్ అనునది చేయును. దానిని ఎవరైనను ఉచితముగాఁ దీసికొని తమ వ్యవస్థలో నుంచుకొనవచ్చును. కాని ఆంగ్లము మాత్రమే వ్రాసికొనువారు నిర్మించు లేఁత వ్యవస్థలలో కూర్పరి తఱచుగా నుండఁడు. వారి కతని యక్కఱ తోఁచదు. విజయనగరం అను మాటలో ఎనిమిది గుర్తులున్నను ఒత్తు ఒక్కటియు లేదు. శ్రీకాకుళం అను మాటలో పది గుర్తులు, ఒత్తు మొదటనే తగులును. మన రెండు పట్టణముల నడుమ నిట్టి భేదము కలదని మాకును ఆనాఁటి వఱకుఁ దెలియదు.

చిన్నవారినే యనుట న్యాయము కాదు. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ సంస్థవారి ఐఫోనులకు 'జ్ఞా' అను మన యక్షరము, నడుమఁ గంటికిఁ గానరాని యొక గుర్తుతోఁ గూడి, సందేశములో వచ్చెనా, దానిని చూపఁబోయిన ప్రోగ్రాము కుప్పకూలుచుండెను. ఆ నెల 19 వ తేదీన వారు సవరణను పంపిరి. జ్ఞానమునకు మొదటి యక్షరమే గొప్పవారి యంత్రములను కూల్చినదని మా పిల్లలు మిక్కిలి సంతోషించిరి. మేమా సంతోషమును మందలింపలేదు.

ఏడవ యంత్రపు సంగతిని మా యిద్దఱు విద్యార్థులు దాని నిర్మాతలకు, విఱిగిన మాటయొక్క చిత్రముతోఁ గూడ, ఆంగ్లమున వ్రాసి పంపిరి. ఈ లోపము తమకుఁ దెలిసినదేననియు, చేయువారు కొద్దిమంది యనియు, ఎవరైనను సాయపడినచో సంతోషమనియు జవాబు వచ్చినది. ఆ జవాబును పిల్లలు గది గోడకు అంటించిరి.

లినక్సు విషయములో నట్టి చిక్కు లేకుండుటకుఁ గారణము తెలుఁగువారే ముందుగాఁ బూనుకొని పనిచేసియుండుట. హైదరాబాదున నున్న స్వేచ్ఛ అను సంస్థవారు 2005 లో తెలుఁగు లినక్సు వ్యవస్థను వెలువరించిరి. తెరమీఁది పలుకులు తెలుఁగులో నుండవలయుననియు, ఆంగ్లము రానివారును యంత్రమును నడుపవలయుననియు వారి యుద్దేశము. తరువాత బాలస్వేచ్ఛ అను కూర్పునుఁ జేసి, గణితము, భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము, భూగోళము మున్నగు పాఠములకుఁ దగిన ప్రోగ్రాములను అందుఁ జేర్చి, ప్రభుత్వ పాఠశాలల యుపాధ్యాయులకు శిక్షణ నిచ్చిరి. అమెరికాలోని తెలుఁగువారి సిలికానాంధ్ర సంస్థ వెలువరించిన యుచిత అక్షరరూపములలో నొకదాని పేరు గిడుగు, మఱియొకదాని పేరు గురజాడ. ఒకటి శ్రీకాకుళపు సీమది, ఒకటి విజయనగరముది. రెండును మా యాఱు యంత్రములలోఁ గలవు. మొదటి వారమున పిల్లలు వేఱు రూపముతో నొక్క పంక్తియు వ్రాయలేదు.

గిడుగువారి పేరు వచ్చినది గనుక ఒక తగవు చెప్పవలసి యున్నది. ఒకనాఁడు లినక్సు తెరమీఁద 'నిష్క్రమించు' అను పలుకు కనఁబడినది. ఒక పిల్లవాఁడు దానిని రెండుసారులు చదివి, "ఇదేటి మేష్టారూ?" అని యడిగెను. ప్రోగ్రామునుండి బయటికి పోవుట యని చెప్పితిమి. "అయితే బయటికి అని రాయొచ్చుగదా?" అని వాఁడు. గదిలో రెండు పక్షములేర్పడినవి. శ్రీకాకుళము దాపున పర్వతాలపేటలో 1863 లోఁ బుట్టి, పర్లాకిమిడిలో నుపాధ్యాయుఁడై, పుస్తకములు జనుల వాడుకమాటలోనే యుండవలయునని జీవితమంతయు వాదించిన గిడుగు రామమూర్తిపంతులుగారు ఆ గదిలో నున్నచో ఏ పక్షమున నుందురో చెప్ప నక్కఱలేదు. గ్రాంథికమున నీ వ్యాసమును వ్రాయుచు మేమాయన పేరెత్తుట చూచి నవ్వువారు నవ్వవచ్చును.

ఆ తగవులో మాకుఁ దెలిసినదేమనఁగా, ఈ దివానును మనమే తిద్దవచ్చును. తెరమీఁది పలుకులన్నియు ఒక పట్టీలో నుండును. ఒక పంక్తిలో నాంగ్లము, దాని క్రింది పంక్తిలోఁ దెలుఁగు. పట్టీని తెఱచి, 'నిష్క్రమించు' చెఱిపి 'బయటికి' అని వ్రాసి, తగిన రూపమునకు మార్చి భద్రపఱచితిమి. మఱునాఁడు ఆఱు యంత్రములును మా మాటనే పలికినవి. ఫైలు అనుదానిని దస్త్రము చేయవలయునని యొకఁడు పట్టుపట్టెను; ఫైలు ఫైలుగానే యుండవలయునని తొమ్మండుగురు. మౌసు జోలికి ఎవ్వరును పోలేదు. మూఁడు వారములలో డెబ్బది పలుకులు మార్చితిమి. కొన్నిటిని మఱల వెనుకకు మార్చితిమి, ఏలయనఁగా మొదటివారే సరిగా వ్రాసియుండిరి.

ఇందొక పెద్ద విషయము కలదు. సీతంపేట కొండలలోని సవరల భాషను నేర్చి, వారి బిడ్డలకు బడులు పెట్టించి, 1931 లో ఆ భాషకు వ్యాకరణమును, 1938 లో నిఘంటువును ఆంగ్లమునఁ బ్రకటించినవారు గిడుగువారే. 1936 లో ఒడిషా వైపున మంగై గొమాంగో అను నతఁడు సవరభాషకు సొంతలిపిని కల్పించెను. ఆ లిపికి యూనికోడులో స్థానము 2012 లో దొరకినది. మన వైపు సవర పిల్లల వాచకములు తెలుఁగులిపిలో నున్నవి. కొద్దిమంది మాటాడు భాషలో తెరమీఁది పలుకులు వ్రాయుమని పెద్ద వ్యాపారసంస్థ నడిగినచో, కొనువారెందఱని వారడుగుదురు. అది వారి వ్యాపారధర్మము. పట్టీ మన చేతిలో నున్నప్పుడు ఒక యుపాధ్యాయుఁడును, ఇద్దఱు పిల్లలును చాలుదురు. మా పదునొకండుగురిలో సవరపిల్ల యొకతె కలదు. ఆమె తన భాషలో నిరువది పలుకులు వ్రాసినది. అవి యింకను మా యంత్రములు దాఁటి బయటికిఁ బోలేదు. ఆమె తాతగారు చూచి సరియన్న తరువాత పంపవలయునని యామె పట్టు.

ఇఁక నిత్యకార్యముల సంగతి. హాజరుపట్టీలు, మార్కుల జాబితాలు, ప్రశ్నపత్రములు, తల్లిదండ్రులకుత్తరములు – ఇవన్నియు లిబ్రెఆఫీసు అను నుచిత ప్రోగ్రాముతో సుఖముగా సాగినవి. కీబోర్డు ఇన్‌స్క్రిప్టు పద్ధతిది. అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వచ్చును. పిల్లలకు పది దినములు, మాకు నెల పట్టినది.

ప్రింటరు మాత్రము మమ్ము మూఁడు దినములు ఏడిపించినది. ప్రతి పరికరమునకును దానిదొక భాష. దివానుకు ఆ భాష రాదు గనుక నడుమ నొక దుబాసీ కావలయును. డ్రైవరనునది యా దుబాసీయే. లినక్సుకు దగిన దుబాసీని వెదకి తెచ్చితిమి. ఏడవ యంత్రమునకు దుబాసీ దొరకనే లేదు. ఒక కార్యాలయమువారి వెబ్‌సైటులో సంతకపు మీట గ్రుచ్చి పంపవలసిన పత్రమొకటి మా యేడు యంత్రములలో దేనినుండియుఁ బోలేదు. గడువు దినము సాయంకాలమున ప్రధానోపాధ్యాయులవారి స్వంత లాప్‌టాపును అడిగి తెచ్చుకొంటిమి. ఇది మా యోటమి; దాఁచము.

పెద్ద పరీక్ష ఈ పత్రికయే. రచనలన్నిటిని యూనికోడు తెలుఁగున వ్రాసి ముద్రాపకునికడకుఁ గొనిపోఁగా, ఆయన తెరపై చూచి, "మీ అక్షరాలు మా మిషను ఎరగదండి" అనెను. సంగతి యిది. తెలుఁగు డీటీపీలో చాలకాలముగా వాడుకలో నున్న అక్షరరూపములు యూనికోడుకంటెఁ బాతవి. ఆంగ్లాక్షరముల యంకెలకే తెలుఁగు బొమ్మలు తగిలించి యుండును. ఆ రూపములున్న యంత్రముపై నది తెలుఁగు, లేని యంత్రముపై నర్థములేని యాంగ్లపుఁ బిచ్చివ్రాఁత. మన రచనలను ఆయన మఱల టైపు చేయింపవలసినచో వ్యయము రెట్టింపగును, తప్పులు క్రొత్తవి పుట్టును. కడకు పుటలను మేమే కూర్చి, అక్షరరూపములు లోపలనే పొదిగిన పీడీఎఫ్ ఫైలుగాఁ జేసి యిచ్చితిమి. ఆయన ఒక పుటను అచ్చువేసి, భూతద్దముతో ఒత్తులను చూచి, ఒప్పుకొనెను. మీరిప్పుడు చదువుచున్న యీ పుటలు మూఁడవ యంత్రముపైఁ గూర్చినవి.

దసరా సెలవులలో ఆ యాఱింటిలో నొకదానిని పలాస ప్రాంతపు విద్యార్థిని కొకతెకు ఇంటికిచ్చి పంపితిమి. తల్లి జీడిపప్పు పరిశ్రమలో పనిచేయును. ఎన్ని కిలోలు ఒలిచినదో దాని లెక్కపై కూలి. పిల్ల యేమి చేసెననఁగా, రాత్రి తల్లి చెప్పిన కిలోలను ప్రతిదినమును లెక్కలపట్టీలో వ్రాసి యుంచినది. 2018 అక్టోబరు 11 న తిత్లీ తుపాను తీరము దాఁటి, కరెంటు లేక దినములు గడపిన ప్రాంతమది. ఇప్పటికిని గాలి వీచినచో దీపము నమ్మరాదు. రెండుసారులు ఆమె వ్రాయుచుండఁగానే కరెంటు పోయినది. రెండవసారి యామె యేడ్చినదని తల్లి మాకుఁ జెప్పినది. మఱల యంత్రము లేచినప్పుడు చివరి పంక్తి తప్పఁ దక్కిన లెక్కయంతయు నుండెను.

ఇది యెట్లనఁగా, మన కోమట్లు మొదట చిట్టా వ్రాసి, తరువాత ఆవర్జాకు ఎక్కింతురు. ఆవర్జా వ్రాయుచుండఁగా దీపమాఱినను చిట్టా చూచి సరిచేసికొందురు. నేఁటి వ్యవస్థలలో డిస్కుపై వ్రాయు పద్ధతియు నిట్టిదే. జర్నలు అనునది ఆ చిట్టా. లినక్సులోని ఎక్స్‌ట్4 పద్ధతికిని, హైకూ వాడు బీఎఫ్ఎస్ పద్ధతికిని చిట్టా కలదు. క్రొత్త వ్యవస్థ దేనినైనను ఇంటఁ బెట్టుకొనఁగోరువారు మొదట నడుగవలసినది, చిట్టా యున్నదా యని. తెర యందము తరువాత.

నెల చివరను ఆ పిల్ల తల్లి లెక్కను యజమాని పుస్తకముతోఁ బోల్చినది. రెండు దినముల పని పుస్తకమున కెక్కలేదు. చూపఁగా సరిచేసి యిచ్చిరి. యంత్రమును సెలవుల తరువాత తిరిగి యీయవలసియుండఁగా, మఱి నాలుగు దినములుంచుకొందుమని తల్లియే కబురు పంపినది. ఈయకుండ నెట్లుందుము?

ఇండ్లలోఁ బాత యంత్రములున్న తల్లిదండ్రులకు నొక మాట. 2025 అక్టోబరు 14 తో విండోస్ 10 నకును సామాన్య సంరక్షణ ముగిసినది గనుక అట్టి యంత్రములు మన యూళ్లలోఁ గూడ నుండును. మొదట ఫోటోలను, పత్రములను వేఱొక డిస్కునకు నకలు చేయుఁడు. తరువాత లినక్సును పెన్ డ్రైవులో నెక్కించి, దానినుండియే యంత్రమును లేపి చూడుఁడు. ఈ పద్ధతిలో లోపలి పాత దివాను కదలఁడు. తెర, ధ్వని, ఇంటర్నెట్టు, ప్రింటరు, తెలుఁగు – ఈ యయిదింటిని పరీక్షించి, పెన్ డ్రైవు తీసివేసినచో యంత్రము ఎప్పటివలె నుండును. నచ్చిననే లోపల నుంచుకొనుఁడు. ప్రయోగదశలోని వ్యవస్థలను పనిచేయు యంత్రముపైఁ బెట్టవలదు. వానికొక పాత యంత్రమును ప్రత్యేకించుఁడు. శనివారము మధ్యాహ్నములు కంప్యూటరు గది తెఱచియుండును. పెన్ డ్రైవు తెచ్చినవారికి పిల్లలే యెక్కించి యిత్తురు.

తూకమునకు అమ్మవలెనను మాట క్రిస్మసునాఁటికి ఎవ్వరును మఱల నెత్తలేదు. ఆఱు యంత్రములపై తొమ్మిదవ తరగతి పాఠములు జరుగుచున్నవి. ఎనిమిదవదానిపై ఇప్పుడెవ్వరును కూర్చుండుట లేదు. ఏడవదానికి పిల్లలలోఁ బోటీ యెక్కువ. దానిపై వ్రాసిన పాఠమును పెన్ డ్రైవులో నుంచుకొని, గది యీ చివరనుండి మూఁడవ యంత్రముకడకు నడచిపోయి యచ్చు తీసికొందురు. శ్రీకాకుళము పిల్ల మాత్రము తన ఊరి పేరును ప్రతి సోమవారమును అందులో వ్రాసి చూచుచున్నది.